ఫ్రేములో లేని మనిషి

"మా ఆయన్ని పోగొట్టినారు మేడమ్."

ఎస్సై ఉదయలక్ష్మి పెన్ను తీసింది. మిస్సింగ్ కేసు అనుకుంది. తిరుపతిలో మిస్సింగ్ కేసులకు కొదవ లేదు. కొండకు వచ్చిన జనంలో రోజూ ఎవరో ఒకరు తప్పిపోతారు. చీకటి పడేలోగా దొరుకుతారు.

"పేరు?"

"మునిస్వామి."

"ఎప్పటి నుంచి కనబడడం లేదు?"

"చనిపోయి నెల కావస్తాండాది."

పెన్ను ఆగింది. పక్క టేబుల్ దగ్గర హెడ్ కానిస్టేబుల్ పెంచలయ్య ఫైల్లోంచి తలెత్తి చూశాడు.

వచ్చినామె పేరు నిర్మలమ్మ. వడమాలపేట నుంచి బస్సులో వచ్చింది. చేతిలో ఒక ఆధార్ కార్డు ఉంది. దాన్ని టేబుల్ మీద పెట్టి ఉదయలక్ష్మి వైపు తిప్పింది.

"మా పాప పవిత్ర పెండ్లయినాక పదో దినం గుండె ఆగి పోయినాడు. ఫోటోలు దిగే మనిషి కాదు మేడమ్. ఇంట్లో ఆయన ముఖం ఇదొక్కటే. సూడండి, దొంగ మాదిరి ఉండాడు. ఆయన ఇట్ల ఉండడు."

"పెళ్లిలో ఫోన్లలో తీసి ఉంటారు కదా?"

"అందరూ పెండ్లికూతుర్ని తీసినారు. సరే, వీడియోలో ఉంటాడు కదా అనుకొన్నా. పొద్దన్నించి రాత్రి దాకా ఆ మండపంలో తిరగతానే ఉన్నాడు. తిరుపతిలో సుందరరాజు స్టూడియో వాళ్ళు తీసినారు. నిన్న పోయి అడిగితే డిస్కు పోయిందంటాండారు."

"ఎలా పోయిందట?"

"వాళ్ళ దగ్గర పన్జేసే నగరి పిల్ల పోగొట్టిందంట. లేదంటే ఎత్తుకుపోయిందంట. రెండూ వాళ్ళే చెప్తాండారు. ఇంగో బిడ్డ పెండ్లికి ఊరికే తీసిస్తామన్నారు." నిర్మలమ్మ కార్డును మళ్లీ తన వైపు తిప్పుకుంది. "నాకు ఇంగో బిడ్డ లేదు. ఇంగో మొగుడూ లేడు."

ఉదయలక్ష్మి టోపీ తీసుకుంది.

* * *

సుందరరాజు స్టూడియో ఎయిర్ బైపాస్ రోడ్డులో ఉంది. అద్దాల తలుపు. లోపల గోడ నిండా టీవీ. అందులో ఎవరో పెళ్లికూతురు స్లో మోషన్‌లో జడ వెనక్కి వేసుకుంటోంది. వేసుకుంటూనే ఉంది. టీవీ పక్కన పూజ అల్మరా. దాని పక్కన గోడకు లామినేషన్ చేసిన కాగితం.

'ప్రతి పెళ్లికీ రెండు కాపీలు. తప్పనిసరి.'

"రెండో కాపీ ఏది?" అంది ఉదయలక్ష్మి, కుర్చీలో కూర్చోకుండానే.

సుందరరాజు నవ్వాడు. యాభై ఏళ్ల మనిషి. మాట మెత్తన. "అది రూలు మేడమ్. మంచి రూలే. అయితే మూఢం పోయి ముహూర్తాలు మొదలైనాయంటే దినానికి రెండు పెండ్లిండ్లు. కార్డులు ఖాళీ చేసి మళ్ళా పంపాల. డిస్కులు చాలవు."

"కెమెరా కార్డులు?"

"ఫార్మాట్ చేసేసినాము."

"అంటే ఉన్నది ఒక్క కాపీ."

"ఒక ఎస్సెస్డీ డిస్కులో మేడమ్. అరచెయ్యంత కూడా ఉండదు. అదే కోమలి దగ్గరికి పోయింది."

"కోమలి ఎవరు?"

"మా ఎడిటర్. నగరి పిల్ల. మరమగ్గాలోళ్ళు. ఇంటి నుంచే పన్జేస్తాది, వారానికొకసారి వచ్చిపోతాది."

మధ్యలో టేబుల్ మీద రెండు లాప్‌టాప్‌లు ఉన్నాయి. ఒకటి వెండి రంగులో పలుచగా, పట్టుకుంటే వంగుతుందేమో అన్నట్టుంది. రెండోది నల్లది, మందం, బరువు. వాటి కంపెనీ పేర్లు పలకడం కష్టం. స్టూడియోలో అందరూ సన్నది, లావుది అనే అంటారు.

కథంతా వాటి దగ్గరే మొదలైంది. సుందరరాజు చిత్తూరులో కొత్త బ్రాంచి తెరుస్తున్నాడు. అక్కడి ఎడిటర్లకు, ఎక్కడికంటే అక్కడికి మోసుకుపోగలిగే, బాగా శక్తి ఉన్న లాప్‌టాప్‌లు కావాలి. డజను కొనాలి. డీలర్ రెండు రకాలు డెమోకి ఇచ్చిపోయాడు. పెళ్లి వీడియో ఎడిటింగ్‌కు ఏది మేలో తేల్చే బాధ్యత సీనియర్ ఎడిటర్ గోపీది.

గోపీకి ముప్పై దాటాయి. మెడలో హెడ్‌ఫోన్లు. కోమలికి పని నేర్పింది తానేనని మొదటి మాటలోనే చెప్పాడు. తనకు యూట్యూబ్ ఛానెల్ ఉందని రెండో మాటలో చెప్పాడు. లాప్‌టాప్‌లను పోల్చి చూపించే ఛానెల్ అది.

"నీ టెస్టులో ఏది గెలిచింది?"

"సన్నది మేడమ్. రెండు నిమిషాల ఫోర్ కే టీజరు రెండింట్లో ఒకేసారి ఎక్స్‌పోర్ట్ పెట్టినా, ఏది ముందు వీడియో ఫైలు తయారుచేస్తాదో చూద్దామని. సన్నది ముందే ముగించేసింది. వీడియో కూడా పెట్టేసినా. బాగా పోయింది."

"మరి కోమలికి ఎందుకిచ్చారు?"

జవాబు సుందరరాజు చెప్పాడు. "ఆ పిల్లే అడిగింది మేడమ్. రెండు నిమిషాల ముక్కతో తేలదు, పెండ్లంతా ఎడిట్ చేసి సూస్తానని. పని కూడా అయిపోతాది కదా అని వడమాలపేట పెండ్లి ఎస్సెస్డీ, రెండు లాప్‌టాప్‌లూ ఇచ్చి పంపినా. వారం ఉంచుకొనింది. శనివారం సాయంత్రం తెచ్చి ర్యాకులో పెట్టింది."

"ఎస్సెస్డీ కూడా పెట్టిందా?"

"బ్యాగు పెట్టింది. లోపలేముందో సూళ్ళేదు. ఫోన్లో ఉన్నా."

"ఆదివారం ఇక్కడికి ఎవరొచ్చారు?"

"నేను కాసేపు. గోపీ కాసేపు. కెమెరా వాళ్ళు సామాన్లు తీసుకొని సత్యవేడు పెండ్లికి పోయినారు. రెండు దినాల పెండ్లి. నిన్న రాత్రి వచ్చినారు."

"సోమవారం ఏం జరిగింది?"

గోపీ ఫోను తీశాడు. "రికార్డ్ చేసినా మేడమ్. ఛానెల్ కోసం."

ఉదయలక్ష్మి ఫోను చేతిలోకి తీసుకుంది.

వీడియోలో ఇదే టేబుల్. రెండు లాప్‌టాప్‌లూ ఎక్స్‌పోర్ట్ చేస్తున్నాయి. మూలన ఒక సన్నటి అమ్మాయి, భుజాన ర్యాకులోంచి అప్పుడే తీసిన బ్యాగు. "అన్నా, సన్నది కాసేపటికే కాగిపోయి నీరసించి పోతాది," అంటోంది. "మన ఫిల్ము గంటన్నర. లావుది నిదానంగా మొదలుపెట్టినా కడదాకా ఒకే తీరుగా పోతాది. రెండింటి స్క్రీన్ రికార్డింగూ ఎస్సెస్డీలో పెట్టినా, సూడండి." బ్యాగు ముందు జేబు తెరిచింది. చెయ్యి పెట్టింది. లోపలి జేబు తెరిచింది. మళ్లీ ముందు జేబు. ముఖం పాలిపోయింది.

అదే సమయానికి సన్నదాని ఫ్యాన్ ఈల వేసింది. స్క్రీన్ నల్లబడింది.

"ఏమైందో చూద్దాం ఫ్రెండ్స్!" గోపీ చొక్కా జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి సన్నదాన్ని బోర్లించాడు. చకచకా స్క్రూలు ఊడాయి. మూత లేచింది. ఫ్యాన్ నిండా దూది. గోపీ దాన్ని రెండు వేళ్లతో పట్టి కెమెరాకు చూపించాడు. "నగరి ఫ్రెండ్స్! మరమగ్గాల ఇంట్లో టెస్టులు చేస్తే ఇట్లే ఉంటాది!"

నవ్వులు. అందులో సుందరరాజు నవ్వు కూడా వినబడింది. దూది తీసేసి రెండు నిమిషాల టీజరు మళ్లీ పెట్టారు. సన్నది గెలిచింది. చప్పట్లు కొట్టారు. మూలన ఉన్న అమ్మాయి ఇంకా బ్యాగు వెతుకుతోంది.

"అర్థమైంది కదా మేడమ్," అన్నాడు గోపీ. "ఆ పిల్ల టెస్టు చెల్లదు. ఎస్సెస్డీ యాడో పారేసుకొని, దాంట్లోనే రుజువు ఉండాదని కతలు చెప్తాండాది."

"ఆ దూది ఉందా?"

ఉంది. గోపీ దాన్ని ప్లాస్టిక్ కవర్లో దాచాడు. సాక్ష్యమట. తెల్లగా, పొడుగాటి పీచుతో, పిడికెడు ఉంది. ఉదయలక్ష్మి కవర్‌ను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

"పెంచలయ్యా, రెండు లాప్‌టాప్‌లకూ సీల్ వేయండి."

"లావుదానికి ఎందుకు మేడమ్?" అన్నాడు గోపీ. "దానికేం కాలేదే?"

"అందుకే," అంది ఉదయలక్ష్మి.

* * *

నగరిలో ఆ వీధి మలుపు తిరక్కముందే మగ్గాల చప్పుడు వినబడింది. ముందు గదిలో నాలుగు మరమగ్గాలు. గళ్ళ లుంగీలు నేస్తున్నాయి. పోలీసు జీపు ఆగడం చూసి ఢిల్లీబాబు మగ్గాలు ఆపేశాడు. కోమలి తండ్రి అతను. మగ్గాలు ఆగాక ఆ నిశ్శబ్దానికి చెవులు గింగుర్లెత్తాయి.

"మా పాప దొంగ కాదు మేడమ్. ఇల్లంతా సోదా చెయ్యండి. పక్కింటోళ్ళు సూస్తాండారు, బిరీన చేసేయండి."

"సోదాకు రాలేదు. మాట్లాడడానికి వచ్చాను."

ఉదయలక్ష్మి భుజం మీద ఏదో పడింది. దులుపుకుంది. చేతికి నీలం అంటింది. ఆమె అమ్మమ్మగారిల్లు నారాయణవనం. చిన్నప్పుడు ఇలాంటి గదిలోనే నిద్రపోయేది. ఆ దుమ్ము తుడుచుకునే అలవాటు చెయ్యి ఇంకా మరిచిపోలేదు. లుంగీ అంచుకు తుడిచినట్టుగా ప్యాంటుకు తుడిచేసుకుంది.

కోమలి గది తలుపుకు తడిపిన పాత లుంగీ వేలాడుతోంది, దుమ్ము లోపలికి రాకుండా. లోపల ఒక పాత లాప్‌టాప్. కింద గాలి ఆడడానికి బోర్లించిన ఇడ్లీ ప్లేటు. కోమలి కళ్ళు వాచి ఉన్నాయి. జవాబులు మాత్రం తడబడలేదు.

"ఎస్సెస్డీ బ్యాగులో పెట్టావా?"

"పెట్టినాను మేడమ్. ముందు జేబులో. జిప్పు వేసినాను."

"అందులో నీ టెస్టు ఉందని ఎవరికి తెలుసు?"

"గోపన్నకు, ఓనరుకు. శుక్రవారం ఇద్దరికీ చెప్పినా. ఓనరు అప్పటికే సన్నవే తీసుకుంటానని డీలర్‌కు మాటిచ్చేసినాడంట. ఇసుక్కొన్నాడు. గోపన్నతో, అన్నా మీ వీడియో తప్పుగా ఉండాది, రెండు నిమిషాలకైతే ఏ మిషనైనా పరిగెత్తుతాది, వేడెక్కినాక సూడాల కదా, మార్చి పెట్టండన్నా అన్నాను. మంచికే చెప్పినా మేడమ్. ఆయన నాకు గురువు."

"ఏమన్నాడు?"

"ఏమన్లేదు. సరే తీసుకురా అన్నాడు."

"గోపీ ఈ ఇంటికి ఎప్పుడైనా వచ్చాడా?"

"లేదు. నాలుగేండ్లుగా పిలస్తాండాను. మగ్గాల సప్పుడు పడదంటాడు."

"సుందరరాజు?"

ఢిల్లీబాబు నవ్వాడు. చేదుగా. "ఆయప్పది ఈ వీధే మేడమ్. నేనూ ఆయనా ఒకే ఇస్కూలు. వాళ్ళ నాయన కూడా ఇవే మగ్గాలు తోలినాడు. ఇప్పుడు ఈ పక్కకు రాడు."

ఉదయలక్ష్మి తల ఊపింది. ఇడ్లీ ప్లేటు మీది లాప్‌టాప్ వైపు చూసింది. "పెళ్లి ఎడిటింగ్ మొత్తం ఆ డెమో లాప్‌టాప్‌లలోనే చేశావా?"

"లేదు మేడమ్. నాకు ముందు నా మిషన్లో కట్ చేసుకోవడం అలవాటు. ఇది ముసిల్ది, పెద్ద ఫైళ్ళు మోయలేదు. అందుకని వాడే షాట్లకు సిన్న సిన్న కాపీలు చేసుకుంటాను. ప్రాక్సీలంటారు. మసకగా ఉంటాయి, పని జరగతాది. కడాన అసలు ఫైళ్ళు పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తాము."

ఉదయలక్ష్మి లేచి నిలబడింది. "అయితే పెళ్లి నీ దగ్గర ఉంది!"

కోమలి తల అడ్డంగా ఊపింది.

"ఏరిన షాట్లే ఉండాయి. పెండ్లికూతురు, పెండ్లికొడుకు, నగలు, డ్రోను. పెద్దోళ్ళ షాట్లు వద్దంటాడు ఓనరు, సినిమా మాదిరి ఉండాలంటాడు. సోమవారం నుంచి కూర్చొని ఒక్కో షాటూ ఆపి ఆపి సూసినాను మేడమ్. ఆయన ముఖం యాడా లేదు."

బయట పక్కింటి మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి.

* * *

గురువారం పదకొండు గంటలకు స్టూడియోలో అందరూ ఉన్నారు. సుందరరాజు. గోపీ. కోమలి, పక్కన ఢిల్లీబాబు. తలుపు దగ్గరి కుర్చీలో నిర్మలమ్మ. పెంచలయ్య ఒక కెమెరా బ్యాగు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. టీవీలో పెళ్లికూతురు ఇంకా జడ వెనక్కి వేసుకుంటోంది.

ఉదయలక్ష్మి రెండు లాప్‌టాప్‌ల సీలు విప్పింది.

"ఇక్కడ అందరూ ఈ రెండింటినీ పోల్చారు. నేనూ పోలుస్తాను. కాకపోతే పైన కాదు, లోపల. గోపీ, లావుదాన్ని విప్పు."

గోపీ చొక్కా జేబు తడుముకున్నాడు. డ్రాయర్ లాగి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. లావుదాన్ని బోర్లించి స్క్రూ మీద పెట్టాడు. అది తిరగలేదు.

"ఇది సన్నదానిది మేడమ్. నక్షత్రం మూతి. లావుదానికి మామూలు ప్లస్సు కావాల. సన్న సైజు. మా దగ్గర లేదు."

"లేదా? బాగా వెతుకు."

డ్రాయర్లన్నీ వెతికారు. లేదు. పెంచలయ్య జేబులోంచి ఒకటి తీసి టేబుల్ మీద పెట్టాడు. మేడమ్ చెప్పి ఉంచింది, వస్తూ దార్లో కొన్నాడు.

లావుదాని మూత లేచింది. ఉదయలక్ష్మి తెల్ల కాగితం ఒకటి తీసుకుంది. ఫ్యాన్ అంచును బ్రష్షుతో గీకింది. కాగితం మీద చిటికెడు దుమ్ము పడింది. నీలం, ఎరుపు. పొడి పొడిగా ఉంది.

"ఢిల్లీబాబూ, ఇదేంటి?"

"మా మగ్గం దుమ్ము మేడమ్. లుంగీ నూలుది. గంజి పెట్టింటాము కదా, పొడి రాలతాది."

"రెండు లాప్‌టాప్‌లూ ఒకే వారం, ఒకే గదిలో ఉన్నాయి. లావుదాని ఫ్యాన్లు పెద్దవి. ఎక్కువ గాలి పీల్చేది అది. దానికి పట్టిన నగరి దుమ్ము ఇంతే." గోపీ దాచిన కవర్‌ను కాగితం పక్కన పెట్టింది. "సన్నదానికి పట్టింది ఇంత. పిడికెడు. అదీ తెల్లది."

గోపీ పెదవులు తడుపుకున్నాడు.

ఉదయలక్ష్మి పూజ అల్మరా దగ్గరికి నడిచింది. దీపం పక్కనున్న పొట్లం విప్పి చిన్న ముక్క పీకింది. తెచ్చి కవర్ పక్కన పెట్టింది. అదే తెలుపు. అదే పొడుగాటి పీచు.

"వత్తులు చేసే దూది. నగరి ఏమీ కాదు. ఈ గదిదే."

"ఆ అల్మరా అందరిదీ మేడమ్," అన్నాడు గోపీ. "ఎవరైనా పెట్టుండొచ్చు."

"నిజమే. ఓనరు పెట్టి ఉండొచ్చు."

సుందరరాజు కుర్చీలోంచి లేచాడు. "మేడమ్!"

"కూర్చోండి. మీరు పెట్టలేదు. మీరు నగరిలో పుట్టారు. మీ వీధిలో ఎగిరే దుమ్ముకు రంగు ఉంటుందని మీకు తెలుసు. పెట్టదలిస్తే రంగుదే పెట్టేవారు. నగరి అంటే తెల్ల దూది అనుకునేది ఆ ఇంటి గడప ఒక్కసారి కూడా తొక్కని మనిషే."

"కెమెరా వాళ్ళు కూడా తొక్కలేదు," అన్నాడు గోపీ.

"వాళ్ళు సోమవారం సత్యవేడులో ఉన్నారు. నువ్వు ఈ టేబుల్ దగ్గరున్నావు. రెండు లాప్‌టాప్‌లకు పోటీ పెట్టావు. ఏది ఆగిపోతుందో, అసలు ఏదైనా ఆగిపోతుందో లేదో ఎవరికీ తెలియదు. అయినా నీ చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ ఉంది. నక్షత్రం మూతిది. సన్నదానికి మాత్రమే పనికొచ్చేది. లావుది ఆగితే ఏం చేసేవాడివి? దానికి సరిపడేది ఈ స్టూడియోలోనే లేదు కదా."

గోపీ చేతిలోని స్క్రూడ్రైవర్‌ను టేబుల్ మీద పెట్టేశాడు.

"నీ వీడియోలో ఇదంతా ఉంది గోపీ. నువ్వే తీశావు. నువ్వే ఛానెల్లో పెట్టావు."

గోపీ టేబుల్ అంచు పట్టుకున్నాడు. కోమలి వైపు చూడకుండా, సన్నదాని వైపు చూస్తూ మాట్లాడాడు. "ఆ రివ్యూ చూసి సన్నదే కొనేసినారు జనం. కామెంట్లలో అందరూ నన్ను నమ్మినారు. డీలర్ నాకు సన్నది ఒకటి ఇచ్చినాడు, రివ్యూ చేసినందుకు. ఇప్పుడు నేను నేర్పిన పిల్ల వచ్చి నీది తప్పన్నా అంటే... ఆదివారం వచ్చి దూది పెట్టినా. ఆ పిల్ల టెస్టు చెల్లకుండా పోతే చాలనుకొన్నా."

"ఎస్సెస్డీ?"

"రికార్డింగులు ఒక్కటే తీసేద్దామనుకొన్నా మేడమ్. అంతలో కెమెరా వాళ్ళు సత్యవేడుకు ఖాళీ డిస్కు లేదు, డిస్కు లేదని తలుపు కొడతాండారు. భయమేసింది. మొత్తం ఫార్మాట్ కొట్టి వాళ్ళ చేతిలో పెట్టేసినా."

నిర్మలమ్మ లేచి నిలబడింది. "దాంట్లో మా పెండ్లి ఉండాదని నీకు తెలీదా నాయనా?"

"తెలుసు అమ్మా." గోపీ గోడ మీది కాగితం వైపు చెయ్యి చూపించాడు. "ఇంగో కాపీ ఉంటాదనుకొన్నా."

ఆ గదిలో పనిచేసే ప్రతి ఒక్కరూ అలాగే అనుకున్నారు. ఆ కాగితం అందరికీ కనబడేలా గోడకు ఉంది. రెండో కాపీ ఇంకెవరో చేసే ఉంటారు. ఆ ఇంకెవరో ఎవరన్నది ఎవరూ అడగలేదు.

పెంచలయ్య ఒళ్లోని బ్యాగు జిప్పు తీశాడు, నిన్న సాయంత్రం కెమెరా వాళ్ళ దగ్గర తీసుకున్నది. ఒక చిన్న నల్ల పలక తీసి టేబుల్ మీద పెట్టాడు. దాని మీద 'సత్యవేడు' అని స్టిక్కర్ అంటించి ఉంది. ఉదయలక్ష్మి గోటితో గీకింది. కింద ఇంకో స్టిక్కర్. కోమలి చేతిరాత. 'పవిత్ర, వడమాలపేట.'

"రాత్రి సైబర్ సెల్ వాళ్ళకు చూపించాను. ఫార్మాట్ చేసి, పైన రెండు రోజుల పెళ్లి నింపారు. ఏమీ రాదన్నారు." నిర్మలమ్మతో చెప్పాల్సిన మాటను ఉదయలక్ష్మి టేబుల్‌తో చెప్పింది. అది తప్పని తెలిసి తలెత్తింది. "రాదమ్మా."

నిర్మలమ్మ మెల్లగా కూర్చుంది.

ఉదయలక్ష్మి సుందరరాజు వైపు తిరిగింది. ఈ మాట కేసుకు అవసరం లేదు. అయినా ఆమెకు ఒళ్ళు మండుతోంది.

"సోమవారం ఆ తెల్ల దూది మీ కళ్ళ ముందే బయటికి వచ్చింది. అది నగరి దుమ్ము కాదని మీకు తెలియలేదా?"

సుందరరాజు టీవీ వైపు చూశాడు.

"తెలిసింది. అయినా నవ్వారు. మీ వీధి పిల్లను చూసి, మీరూ నవ్వారు. అప్పుడే నోరు తెరిచి ఉంటే ఈ ఎస్సెస్డీ మీద సత్యవేడు పెళ్లి రెండో రోజు వీడియో పడేది కాదు. సగమైనా మిగిలి ఉండేదేమో."

ఢిల్లీబాబు చిన్ననాటి స్నేహితుడి ముఖం చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

పెంచలయ్య గోపీని బయటికి నడిపించాడు. తలుపు దగ్గర గోపీ ఒక్క క్షణం ఆగాడు. కోమలి ఏదైనా అంటుందేమోనని. ఆమె అనలేదు. నాలుగేళ్లు అన్నా అని పిలిచిన నోరు అది.

సుందరరాజు గొంతు సవరించుకున్నాడు. చెయ్యి లావుదాని మీద ఆనించాడు.

"అయితే మేడమ్... లావుదే కొనమంటారా?"

జవాబు కోమలి చెప్పింది.

"లావుదే కొనండి సార్. కాగినా నిలబడతాది."

"నువ్వు రేపట్నుంచి మామూలుగా వచ్చేయి కోమలీ. అంతా మరిచిపోదాము."

కోమలి బ్యాగు తీసుకుంది. అద్దాల తలుపు తోసుకొని బయటికి వెళ్ళిపోయింది.

* * *

స్టూడియో మెట్ల మీద నిర్మలమ్మ కూర్చొని ఉంది. బస్సుకు ఇంకా టైముంది. కోమలి ఆమె పక్కన కూర్చొని బ్యాగులోంచి తన పాత లాప్‌టాప్ తీసింది.

"అమ్మా, ముందే చెప్తాండాను. ఆయన ముఖం లేదు. ఉండేది సూపిస్తాను."

నిర్మలమ్మ కొంగుతో స్క్రీన్ తుడిచింది.

బొమ్మ మసకగా ఉంది. కన్యాదానం. పెళ్లికొడుకు పాదాలు ఇత్తడి పళ్ళెంలో ఉన్నాయి. రెండు చేతులు ఆ పాదాలను కడుగుతున్నాయి. గరుకు చేతులు. బొటనవేలి గోరు నల్లగా కమిలి ఉంది. షాటు అక్కడికే తెగిపోయింది.

"ఆయనే," అంది నిర్మలమ్మ. "పందిరి గుంజ దిగ్గొట్టేటప్పుడు సుత్తి తగిలింది. ఆ గోరు ఆయనదే."

కోమలి ఇంకో షాటు పెట్టింది. పవిత్ర, పెళ్లికొడుకు, ముఖాలు దగ్గరగా. ఎడమ అంచున తెల్ల చొక్కా భుజం ఒకటి అడ్డుగా ఉంది. పెదవులు కదులుతున్నాయి కానీ మాటలు లేవు.

"సప్పుడు రాదా పాపా?"

"పైన పాట పెడతాము కదమ్మా. అందుకని సౌండు తీసేసి ఎడిట్ చేస్తాము." అంటూనే కోమలి చెయ్యి ఆగింది. సోమవారం నుంచి ముఖం కోసం వెతికింది. సౌండు పెట్టి ఒక్క షాటూ చూడలేదు.

పెట్టింది.

మేళం. జనం గోల. దాని మధ్య సుందరరాజు గొంతు, గట్టిగా, మెత్తదనం లేకుండా. "ఓ పెద్దాయనా, పక్కకు జరుగు. ఫ్రేములో పడతాండావు."

"సరే నాయనా, సరే సరే."

తెల్ల చొక్కా భుజం ఫ్రేములోంచి వెళ్ళిపోయింది. పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఏ అడ్డూ లేకుండా కనబడ్డారు.

నిర్మలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఉదయలక్ష్మి టోపీ తీసి రెండు మెట్ల కింద కూర్చుంది.

"సూడు మేడమ్," అంది నిర్మలమ్మ చివరికి. "జరగమనగానే జరిగేసినాడు. నా బిడ్డ పెండ్లి, నేనెందుకు జరగాల అని ఒక మాటన్నా అనలేదు సూడు."

కోమలి కళ్ళు తుడుచుకుంది. ఇంకోసారి వేయమని ఎవరూ అడగక ముందే, షాటును మళ్లీ మొదటి నుంచి పెట్టింది.